పడకగదిలో స్మార్ట్ స్పీకర్: కరెంటు కోతలు, కూలర్ హోరు, తెలుగు మాట

నాగావళి (రాయగడ)
పడకగదిలోకి అమెజాన్ వాళ్ల ఎకో డాట్ (అలెక్సా అని పిలిచేది) గాని, గూగుల్ వాళ్ల నెస్ట్ మినీ గాని తీసుకోవాలనుంది. ఇంట్లో పెద్దవాళ్లకి తెలుగు, ఒడియా తప్ప వేరే భాష రాదు. వానాకాలంలో రాత్రికి నాలుగైదుసార్లు కరెంటు పోతుంది. అలారం దీన్ని నమ్ముకుని పెట్టొచ్చా? తెలుగులో చెబితే వింటుందా? పడుకునే గదిలో మైకు పెట్టుకోవడం ఎంతవరకు సబబు? ఈ మూడూ తేల్చండి. పాటల క్వాలిటీ సంగతి నాకు అక్కర్లేదు.

రుషికుల్య (బరంపురం)
ముందు అలారం సంగతి చూద్దాం. రెండిట్లోనూ బ్యాటరీ లేదు. కరెంటు పోయిందంటే స్పీకర్ పోయినట్టే. మళ్లీ వచ్చాక అది లేవాలి, వైఫై పట్టుకోవాలి, నెట్‌లోంచి టైము తెచ్చుకోవాలి. రౌటర్ కూడా అప్పుడే లేస్తుంది కాబట్టి, స్పీకర్ ముందు లేచి వైఫై కోసం వెతుక్కుంటూ కూచుంటుంది. అంతా కుదుటపడేసరికి రెండు మూడు నిమిషాలు. అలారం టైము ఆ సందులో పడితే మోగుతుందన్న భరోసా లేదు.

కరెంటు ఉండి నెట్ ఒక్కటే పోతే భయం లేదు. ముందే పెట్టిన అలారం స్పీకర్‌లోనే ఉంటుంది, మోగుతుంది. పాటతో లేపమని పెట్టుంటే మాత్రం పాట బదులు మామూలు టోన్ వస్తుంది. తెల్లవారుజాము రైలుంటే మాత్రం ఫోన్ అలారమే, ఇందులో రెండో మాట లేదు.

వంశధార (గుణుపురం)
రౌటర్‌కి పెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి కొని, దాన్నుంచే రెండు వైర్లు తీస్తే సరిపోతుంది కదండి. రౌటరూ ఆగదు, స్పీకరూ ఆగదు.

కొలాబ్ (జయపురం)
ఆగండి వంశధార గారూ, ఆ మాట పట్టుకుని ఎవరైనా నెస్ట్ మినీకి పెట్టేస్తారు. నెస్ట్ మినీ అడాప్టర్ 14 వోల్టులది. ఎకో డాట్ మూడో తరం అడాప్టర్ 12 వోల్టులు, 1.25 ఆంప్స్, అంటే 15 వాట్లు. రెండో తరం డాట్, పాత గూగుల్ హోమ్ మినీ రెండూ 5 వోల్టుల మైక్రో యూఎస్‌బీవి. అందుకని ముందు మీ దగ్గరున్న అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో 'అవుట్‌పుట్' అని ఉన్న చోట ఏముందో చదవండి. 12 అని ఉంటేనే ఈ పద్ధతి.

పిన్ను కూడా కలవదు. రౌటర్ పిన్ను లావు, సాధారణంగా 5.5 మిల్లీమీటర్లు. డాట్‌ది సన్నం. మార్చే పిన్ను కొనేటప్పుడు స్పీకర్ దగ్గరుంచుకుని దూర్చి చూసి కొనాలి. వదులుగా ఉంటే పాట గట్టిగా పెట్టినప్పుడల్లా స్పీకర్ ఆగి మళ్లీ లేస్తుంది, జనం స్పీకర్ పాడైందనుకుంటారు.

ఇక ఎంతసేపు వస్తుందనేది. యూపీఎస్‌లో 2000 ఎంఏహెచ్ సెల్లులు మూడు ఉన్నాయనుకోండి. 3.7 × 2 × 3, సుమారు 22 వాట్-అవర్లు. తరుగు పోను 19 చేతికొస్తాయి. రౌటర్ 7 వాట్లు, ఊరికే ఉన్న స్పీకర్ 2 వాట్లు, మొత్తం 9. రెండు గంటలు. పాటలు పెడితే ఇంకా తగ్గుతుంది. యూపీఎస్ మీద 2 ఆంప్స్ అనే ఉండి, రౌటర్ 1 ఆంప్‌ది, స్పీకర్ 1.25ది అయితే కాగితం మీద లెక్క దాటిపోయినట్టే. 3 ఆంప్స్‌ది తీసుకోండి, లేకపోతే రెండింటికీ వేరు వేరుగా పెట్టండి.

రుషికుల్య (బరంపురం)
ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఈ తంటాలేవీ పడక్కర్లేదు. రౌటర్ పాయింటు, పడకగది పాయింటు ఇన్వర్టర్ లైన్లో ఉన్నాయో లేదో చూసుకోండి. చాలా ఇళ్లల్లో లైట్లు, ఫ్యాన్లే ఆ లైన్లో ఉంటాయి, ప్లగ్గులు ఉండవు. ఇంకో మాట. ఇన్వర్టర్ వెనకో ముందో 'యూపీఎస్ / నార్మల్' అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు మారే ఆ రెప్పపాటుకే రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ వైపు నొక్కితే ఆ బాధ ఉండదు.

ప్రాణహిత (సిరొంచ)
మీరంత కరెంటు కాడనే ఆగిన్రు. మా దిక్కు ఎండకాలం 45 డిగ్రీలు దాటుతది, కూలర్ లేని పడకగది ఉండది. కూలర్ నడుస్తుంటే స్పీకర్ వినదు, వాపస్ చేస్తా అని మస్తు మంది అంటరు. తప్పు స్పీకర్‌ది కాదు, పెట్టిన జాగది.

గాలి నేరుగ మైకు మీద కొడితే అది గాలి చప్పుడే వింటది, మన మాట వినది. పైన చిన్న చిన్న చిల్లులు ఉంటయి చూడుర్రి, మైకులు అక్కడనే. కూలర్ ఎదురుంగ పెట్టొద్దు, పక్క గోడకు పెట్టుర్రి. గోడకు ఆనిచ్చి కాదు, జానెడు ఎడం ఉండాలె, 20 సెంటీమీటర్లు. కూలర్ పెట్టిన కిటికీ గట్టు మీద అసలే వద్దు, తడి గాలి, సన్న తుంపర ఆ జాలీ గుడ్డకు పడ్తది. మంచం తలకట్టు నుంచి ఒక మీటరు దూరం, నోరు ఎంత ఎత్తుల ఉంటదో అంత ఎత్తు. బీరువా మీద పెట్టుడు అందరు చేసే తప్పు. ఫ్యాన్‌కు దగ్గర అయితది, ఇనుప బీరువా మోగుతది, రౌటర్ అవతలి గదిల ఉంటే వైఫైకి గా బీరువానే అడ్డం.

జంక్షన్ (బల్లార్షా)
ప్రాణహిత అన్న చెప్పిందానికి ఒకటి కలుపుతున్న. కూలర్ చప్పుడుల జవాబు వినపడ్తలేదని వాల్యూమ్ 8కి పెడ్తరు. అర్ధరాత్రి చలి పెట్టి కూలర్ బంద్ చేస్తరు. తర్వాత ఎవరన్న టైము అడిగితే ఇల్లంత లేస్తది. దానికి యాప్‌ల రొటీన్ (ఫలానప్పుడు ఫలాన పని చెయ్యి అని ముందే రాసి పెట్టుడు) ఒకటి పెట్టుర్రి: రాత్రి 10 గంటలకు వాల్యూమ్ 3, 'డూ నాట్ డిస్టర్బ్' చాలు. పొద్దున 6 గంటలకు మల్ల వాల్యూమ్ 6. అలారం వాల్యూమ్ దీంతో సంబంధం లేకుండ వేరేగ ఉంటది, అలారం సెట్టింగుల పోయి 7 పెట్టుకోవాలె. చానా మందికి గిది ఎరుక లేదు. 'డూ నాట్ డిస్టర్బ్'ల కూడ అలారం, టైమర్ మోగుతయి, ఆగేటియి నోటిఫికేషన్లు, కాల్సు.

నెస్ట్‌ల అయితే 'నైట్ మోడ్' అని ఉంటది, లైటు ఎలుగు, మాట సప్పుడు రెండు తగ్గిస్తది. ఎకోల 'బ్రీఫ్ మోడ్' పెడ్తే "ఓకే" అనుడు తగ్గిచ్చి చిన్నగ టుంగుమంటది. రాత్రికి గదే మంచిది.

నాగావళి (రాయగడ)
చాలా బాగా చెప్పారు. మరి తెలుగు మాట?

మంజీర (దెగ్లూర్)
సూటిగా చెప్పాలంటే లేదు. మన దేశంలో ఎకోకీ నెస్ట్‌కీ భాష సెట్టింగుల్లో ఇంగ్లిష్, హిందీ ఉంటాయి. తెలుగు లేదు, మరాఠీ లేదు, ఒడియా లేదు. ఫోన్‌లో గూగుల్ అసిస్టెంట్ తెలుగు మాట్లాడుతుంది కదా అని చాలామంది స్పీకర్ కొని బోల్తా పడతారు. ఆ తెలుగు ఫోన్‌కే, స్పీకర్‌లోకి రాలేదు.

అయినా పెద్దవాళ్లు నాలుగైదు తెలుగు మాటలతో నెట్టుకురావచ్చు. అసలు కిటుకు ఏమిటంటే, స్పీకర్‌కి తెలుగు రాకపోయినా చెవికి పడ్డదాన్ని ఏదో ఒక ఇంగ్లిష్ మాటగా రాసుకుంటుంది. ఏం రాసుకుందో మనం చూసి, దాన్నే ఆజ్ఞగా పెట్టేయడమే. ఎకోకి ఇలా చేయండి.

వాడబోయే మనిషి చేతే, పడుకునే చోటు నుంచే, ఫ్యాన్ తిరుగుతుండగా "అలెక్సా, లైటు వెయ్యి" అని ఐదారుసార్లు అనిపించండి. అది "నాకు అర్థం కాలేదు" అంటుంది, అననివ్వండి. తర్వాత యాప్‌లో 'మోర్', 'అలెక్సా ప్రైవసీ', 'వాయిస్ హిస్టరీ'లోకి వెళ్లండి. ఐదారు మాటలూ రాసి ఉంటాయి, ఒకటి 'లైట్ వే' అని, ఇంకొకటి 'లైట్ వైఈ' అని, మరొకటి ఇంకేదో. కొత్త రొటీన్‌లో 'వెన్ యూ సే' కింద వాటినే ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. ఒక రొటీన్‌కి ఒకటి కంటే ఎక్కువ మాటలు పెట్టుకోవచ్చు. కింద చేయాల్సిన పనిగా ఆ గది స్మార్ట్ బల్బు (వైఫైతో నడిచేది) ఆన్ అని పెట్టండి.

మాట ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. 'లైటు', 'ఫ్యాను', 'పాట' లాంటి గట్టి మాట ముందు ఉండి, తర్వాత రెండక్షరాలు ఉంటే బాగా పడుతుంది. "దీపం ఆర్పేయ్" అంటే ఐదుసార్లూ ఐదు రకాలుగా రాసుకుంటుంది. 'వెయ్యి', 'తియ్యి' రెండూ దానికి దగ్గరదగ్గరగా వినిపిస్తాయి కాబట్టి, ఆపడానికి "లైటు బంద్" అని పెట్టండి, తేడా స్పష్టంగా ఉంటుంది.

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
మా వైపు 'బంద్' అనేవాళ్లు తక్కువండి, "లైటు ఆపీ" అంటారు. 'ఆపీ' ఇంగ్లిష్‌లో 'హ్యాపీ' అయిపోతుంది. 'లైట్ హ్యాపీ' అని రొటీన్‌లో ఎక్కిస్తే అదే పనిచేస్తుంది. నవ్వుకున్నా పని జరుగుతుంది కదా!

మంజీర (దెగ్లూర్)
అదే కావాల్సింది. ఇంకో అడుగు ముందుకి. స్పీకర్ చేత తెలుగు పలికించడం. రాత్రి 9కి మందులు గుర్తు చేయాలనుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి చదివిస్తే దొరతెలుగు వస్తుంది, పెద్దవాళ్లకి అర్థం కాదు. స్పీకర్ భాషని హిందీకి మార్చి, రొటీన్‌లో 'అలెక్సా సేస్' దగ్గర దేవనాగరిలో "మందులు వేసుకో" అని రాయండి. హిందీ గొంతుతో తెలుగు వస్తుంది, కానీ అర్థమవుతుంది.

మూడు చోట్ల జాగ్రత్త. హిందీలో మాట చివరి అకారం రాలిపోతుంది, 'పాట' అని రాస్తే 'పాట్' అంటుంది. చివర దీర్ఘం పెట్టి 'పాటా' అని రాయండి. హిందీకి హ్రస్వ ఎకారం, ఒకారం లేవు, 'చెప్పు' రాస్తే 'చేప్పు' లాగా సాగుతుంది, అందుకని ఎ, ఒ లేని మాట దొరికితే అదే వాడండి. అంకెలు అక్షరాల్లో రాయండి, లేకపోతే 9ని 'నౌ' అని చదువుతుంది.

మహారాష్ట్ర వైపు మనవాళ్లకి హిందీ ఎలాగూ వచ్చు కాబట్టి హిందీలో పెట్టుకుంటే ఇబ్బంది లేదు. ఒడిశా వైపు పల్లెల్లో పెద్దవాళ్లకి హిందీ రాకపోతే, ఆజ్ఞలన్నీ పైన చెప్పినట్టు రొటీన్లలోనే పెట్టాలి. హిందీలో పెట్టాక 'వాయిస్ హిస్టరీ' కూడా దేవనాగరిలో వస్తుంది, పాత రొటీన్ మాటలు పనికిరావు, మళ్లీ వినిపించి ఎక్కించుకోవాలి.

వంశధార (గుణుపురం)
తెలుగు పాటలు, ఆకాశవాణి తెలుగు వార్తలు కావాలంటే వేరే దారి తేలికండి. "అలెక్సా, పెయిర్" అని ఫోన్‌ని బ్లూటూత్‌తో కలుపుకుని ఫోన్‌లోనే వెతికి పెట్టుకోండి. స్పీకర్‌ని నోటితో అడిగేటప్పుడు పాట పేరు కంటే పాడినవాళ్ల పేరు చెప్పండి. "ఘంటసాల సాంగ్స్" అంటే పట్టుకుంటుంది, తెలుగు పల్లవి చెబితే ఎక్కడికో పోతుంది. నిద్రపట్టేదాకా వినాలంటే పాట మొదలయ్యాక "స్లీప్ టైమర్, 30 మినిట్స్" అనండి.

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
ఇప్పుడు మైకు సంగతి. నాగావళి గారు అడిగిన మూడింట్లో బరువైంది ఇదే, అందరూ దీన్ని చివరికి నెట్టేశారు.

స్పీకర్ ఎప్పుడూ వింటూనే ఉంటుంది, కానీ పిలుపు మాట ('అలెక్సా', 'హే గూగుల్' లాంటిది) వినపడ్డాకే రికార్డు చేసి సర్వర్‌కి పంపుతుంది. పిలవకపోయినా పిలిచినట్టు అనుకోవడమే గొడవ. 2018 మే నెలలో అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఒక ఇంట్లో మాటలు ఇలాగే వాళ్లకి తెలిసినవాళ్ల ఫోన్‌కి వెళ్లిపోయాయి. అమెజాన్ చెప్పిన వివరణ ఏమిటంటే, మాటల్లో ఒకటి పిలుపుగా, ఇంకొకటి 'మెసేజ్ పంపు' అన్నట్టుగా, మరొకటి పేరుగా, చివరికి ఒకటి 'సరే'గా వినిపించిందట. 2019 ఏప్రిల్‌లో అమెజాన్ ఉద్యోగులు అలెక్సా రికార్డింగులు వింటున్న సంగతి బ్లూమ్‌బర్గ్ బయటపెట్టింది. అదే ఏడు జులైలో బెల్జియం ప్రసార సంస్థ వీఆర్‌టీ చేతికి గూగుల్ రికార్డింగులు వెయ్యికి పైగా వచ్చాయి, వాటిలో 153 ఎవరూ పిలవకుండానే రికార్డయినవి, పడకగది మాటలతో సహా.

మరి మన ఇంట్లో పిలవకుండా లేపే మాట ఏది? తెలుగు ఇంట్లో 'ఆ లెక్క సరిపోయింది', 'ఆ లెక్క సంగతి' అని గబగబా అని చూడండి. 'అలెక్సా'కి ఎంత దగ్గరో! రాత్రి పడుకునే ముందు ఇంటి ఖర్చులు మాట్లాడుకునే ఇళ్లలో ఇది మామూలే. పిలుపు మాటని 'ఎకో' చేస్తే 'ఎక్కు', 'ఎక్కడో' ఉన్నాయి. 'కంప్యూటర్' పిల్లల నోట్లో రోజంతా ఉంటుంది. పడకగదికి 'అమెజాన్' అన్న పిలుపే మేలు, తెలుగు మాటల్లో దాన్ని పోలింది తక్కువ. నెస్ట్‌లో పిలుపు మార్చడం కుదరదు, కానీ గూగుల్ హోమ్ యాప్‌లో 'హే గూగుల్ సెన్సిటివిటీ' తగ్గించుకోవచ్చు.

జంక్షన్ (బల్లార్షా)
మైక్ బటన్ నొక్కినా లోపల వింటనే ఉంటది అంటరు కద?

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
ఎకోలో ఆ బటన్ నొక్కితే మైకులకి కరెంటే తెగుతుందని కంపెనీ చెబుతుంది. నెస్ట్ మినీకి పక్కన జరిపే స్విచ్ ఉంటుంది. మైకు ఆపినా అలారం మోగుతుంది, ఆపడానికి మాత్రం చేత్తో నొక్కాలి. రాత్రి అలారం ఒక్కటే కావాల్సినవాళ్లకి ఇదే సరైన పద్ధతి. ఎకోకి మైకు ఆపితే ఎర్ర వలయం రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది, దాన్ని ఆర్పే సెట్టింగు లేదు. నాలుగో తరం నుంచి ఆ వలయం అడుగున ఉంది, బల్ల మీద ఎర్రగా పరుచుకుంటుంది. గుడ్డ కప్పకండి, వేడెక్కుతుంది. మంచం కంటే కిందున్న అరలో పెడితే కంటికి కొట్టదు.

తప్పకుండా చేయాల్సినవి ఇవి. 'కమ్యూనికేషన్స్'లో 'డ్రాప్ ఇన్' పూర్తిగా ఆపేయండి. అది ఉంటే అవతలివాళ్లు మనం ఎత్తకుండానే గదిలోకి మాట్లాడగలరు, వినగలరు. పడకగదిలో దానికి చోటే లేదు. 'వాయిస్ హిస్టరీ' దాచొద్దని పెట్టండి, లేదా 3 నెలలకి తుడిచేయమని పెట్టండి. కొత్తగా రొటీన్లు పెట్టుకునే వారం రోజులూ మాత్రం మంజీర గారు చెప్పిన పద్ధతికి హిస్టరీ కావాలి, ఆ తర్వాతే ఆపండి. మనుషులు వినే అనుమతి అదే ప్రైవసీ పేజీలో వేరే బటన్‌గా ఉంటుంది, అది కూడా ఆపండి. పిల్లలుంటే నోటితో కొనుగోలు ఆపేయడం లేదా నాలుగంకెల పిన్ పెట్టడం. పిల్లల గొంతు రికార్డులు దాచుకున్న కేసులో 2023లో అమెరికాలో అమెజాన్ 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ప్రాణహిత (సిరొంచ)
బల్బు ముచ్చట ఎవ్వరు చెప్పలే. కరెంటు పోయి రాత్రి రెండింటికి వస్తే స్మార్ట్ బల్బు ఫుల్లుగ వెలుగుతది, ఇల్లంత లేస్తది. బల్బు యాప్‌ల 'పవర్ ఆన్ బిహేవియర్' అని ఉంటది, అండ్ల 'లాస్ట్ స్టేట్' పెట్టుర్రి. అప్పుడు పోయినప్పుడు ఆరి ఉంటే వచ్చినంక కూడ ఆరే ఉంటది. కొనేటప్పుడు గిది ఉన్నదా లేదా చూసుకొని కొనుర్రి, సస్తవాట్ల కొన్నిట్ల ఉండది. హోల్డర్ కూడ చూసుకోవాలె. మన ఇండ్లల్ల ఎక్కువ పిన్ను హోల్డరే, బీ22. మర బల్బు తెస్తే పట్టది. ఇంకోటి, గోడ స్విచ్ బంద్ చేస్తే స్పీకర్‌కు చెప్పినా వెలగది. పెద్దోళ్ల చెయ్యి అలవాటుగ స్విచ్ మీదికే పోతది, దాని మీద టేపు అంటియ్యుర్రి.

కూలర్‌ను స్మార్ట్ ప్లగ్గు మీద పెట్టాల్నంటే 6 ఆంప్స్‌ది వద్దు, మోటర్ మొదలయ్యేటప్పుడు ఎక్కువ గుంజుతది, 16ది తీస్కోర్రి. నీళ్లు అయిపోయినంక కూడ పంపు తిరుగుతనే ఉంటది, ఆ సంగతి స్పీకర్‌కు ఎరుక కాదు. 'రెండు గంటలు నడిచినంక బంద్' అని రొటీన్ పెట్టుడు మంచిది. ప్లగ్గులు, బల్బులు చానా మట్టుకు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైనే పడ్తయి. రౌటర్ల రెండు బ్యాండ్లకు ఒకటే పేరుంటే మొదటిసారి జోడించేటప్పుడు సతాయిస్తయి, గప్పుడు 5 గిగాహెర్ట్‌జ్‌ను కొంచెం సేపు బంద్ చెయ్యుర్రి.

కొలాబ్ (జయపురం)
రొటీన్లలో 'సూర్యాస్తమయానికి లైటు' అని పెట్టుకునేవాళ్లకి ఒక పక్క మాట. స్పీకర్ అడ్రస్ సెట్టింగులో మీ ఊరి పిన్‌కోడ్ సరిగ్గా ఇవ్వండి, రాయగడకి 765001. తప్పుంటే వాతావరణం వేరే ఊరిది చెబుతుంది, సూర్యాస్తమయమూ తప్పుతుంది. బరంపురానికీ దెగ్లూర్‌కీ రేఖాంశంలో 7 డిగ్రీల పైన తేడా, అంటే సుమారు అరగంట. మన గడియారం నడిచే 82.5 డిగ్రీల రేఖ మా జయపురం పక్కనుంచే పోతుంది, అందుకని మాకు గడియారం, సూర్యుడు దాదాపు కలుస్తాయి. మంజీర గారి ఊళ్లో సూర్యుడు మాకంటే 20 నిమిషాలు ఆలస్యం.

నాగావళి (రాయగడ)
అందరికీ వందనాలు. మూడో తరం డాట్, వాడినదే, చవగ్గా దొరుకుతోంది. 12 వోల్టులే కాబట్టి యూపీఎస్‌కి కూడా కలుస్తుంది. పాతవాళ్ల అకౌంట్ దానిలో ఉంటే?

రుషికుల్య (బరంపురం)
డబ్బులిచ్చే ముందు వాళ్ల ఫోన్‌లోనే, వాళ్ల యాప్‌లోంచి 'డీరిజిస్టర్' (వాళ్ల అకౌంట్‌లోంచి తీసేయడం) చేయించండి. మీరు రీసెట్ చేసినా వాళ్ల అకౌంట్‌లో అది అలాగే ఉండిపోతే మీ పేరున ఎక్కకుండా మొరాయిస్తుంది. తర్వాత పైన చుక్క ఉన్న యాక్షన్ బటన్ 25 సెకన్లు నొక్కి పట్టుకోండి. లైటు ఆరి మళ్లీ వచ్చి, నారింజ రంగులో తిరగడం మొదలుపెడితే అది కొత్తదాని కింద లెక్క. అడాప్టర్ కూడా అసలుదే ఇమ్మనండి, సన్న పిన్ను అడాప్టర్ మన దుకాణాల్లో వెతికినా దొరకదు.